స్కానింగ్‌లో క్యాన్సర్‌లా కనిపించిన గడ్డ

(వార్షిక మహాజన సభలో ఒక గ్రామ సంఘం తరఫున మాట్లాడిన మాటలు)



మమ్మల్ని పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ రికవరీ గురించి మాట్లాడమన్నారు. ఆ లెక్కలు ఎలాగూ ఈ పుస్తకం వెనక పేజీల్లో వేస్తారు. మేము ఈరోజు రొమ్ములో వచ్చే గడ్డ గురించి మాట్లాడతాం. సీసీ బాబులు కూడా కూర్చున్నారు, కూర్చోనివ్వండి. వాళ్ల ఇళ్లలోనూ ఆడవాళ్లున్నారు.

మాలో ఎక్కువ చదివింది పదో తరగతి. అందుచేత డాక్టర్లు చెప్పినదాన్ని ఒకటికి రెండుసార్లు అడిగి, సంఘం నోటు పుస్తకంలో రాసుకుని వచ్చి చెబుతున్నాం. మా ఊళ్లో ఇద్దరికి జరిగింది చెబుతాం. పేర్లు చెప్పం. మీలో కొందరికి తెలిసినా పైకి అనొద్దు.

మొదటామెకు 38 ఏళ్లు. జీడిపప్పు పనికి వెళ్తుంది. భర్త మద్రాసు వలస. ఒకరోజు స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో, పైన, నడిమి ఎముక వైపు గట్టిగా ఒక కాయలా తగిలింది. నొప్పి లేదు. దాని మీద చర్మం కొంచెం లోపలికి లాగినట్టు, చిన్న గుంట పడినట్టు ఉంది. నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెబుతుంది? అత్తకు చెప్పలేదు, ఫోనులో భర్తకు చెప్పలేదు. ఆఖరికి ఆశా కార్యకర్తకు చెప్పింది, ఆమె మాకు చెప్పింది.

టౌనులో అల్ట్రాసౌండ్ స్కానింగ్ తీయించాం. సాయంత్రానికి కాగితం ఇచ్చారు, అంతా ఇంగ్లీషు. పక్కింట్లో డిగ్రీ చదివే గుంటడు ఫోనులో ఒక్కో మాటా కొట్టి చూసి, "పిన్నీ, ఇది క్యాన్సర్ అని రాసినట్టుంది" అనేశాడు. ఆ పిల్లాడిని తప్పుపట్టడానికి లేదు. కాగితం మీద ఉన్నది "క్యాన్సర్ అనుమానం, ముక్క పరీక్ష చేయాలి" అని. అతనికి మొదటి మాట కనబడింది, రెండో మాట కనబడలేదు.

మర్నాడు ఆమె పొదుపు పాస్‌బుక్ పట్టుకొచ్చి మా చేతిలో పెట్టింది. "నా పేరు తీసీసి నా కూతురి పేరు రాసీండి అప్పా. ఈ ఏడు లోను నాకొద్దు. కట్టేది ఎవరు?" అంది. మాకు నోట మాట రాలేదు. మెడలో పుస్తెలతాడు అప్పటికే తాకట్టుకు సిద్ధం చేసుకుంది.

ఇక సలహాలు మొదలయ్యాయి. ఆకు పసరు కడితే కరిగిపోతుందని ఒకరు. తెలిసినవాళ్లు ఉన్నారు, రేపే వెళ్లి మొత్తం రొమ్ము తీయించేస్తే పీడా పోతుందని ఇంకొకరు. సూది మాత్రం పెట్టనివ్వకండి, సూది పెడితే పుట్ట కదిపినట్టు ఒళ్లంతా పాకుతుందని అందరూ. నిజం చెప్పాలంటే ఈ సూది మాట మేమూ నమ్మాం. మా సంఘంలో ఇద్దరు ముగ్గురం, తీర్మానం రాయడానికి కూర్చున్నప్పుడు, సూది వద్దనే అన్నాం. ఏఎన్ఎం అమ్మ వచ్చి మమ్మల్ని కోప్పడింది. సూది వల్ల పాకుతుందన్నది ఒట్టి భయమేనని, ప్రపంచమంతా ముందు సూదితో ముక్క తీసి చూశాకే రొమ్ము ఆపరేషన్ మాట ఎత్తుతారని చెప్పింది. సంఘం అంతర్గత నిధి నుంచి అప్పు ఇచ్చి, మేమిద్దరం తోడు వెళ్లాం. ఆమదాలవలసలో రైలెక్కి విశాఖ.

అక్కడ చేసిన పరీక్షలు వివరంగా చెబుతాం. ఎందుకంటే తెలియకపోవడం వల్లే సగం భయం.

మొదట డాక్టరమ్మ చేత్తో రెండు రొమ్ములూ, రెండు చంకలూ నొక్కి చూసింది. తరవాత మామోగ్రామ్. అది ఎక్స్‌రేనే. రెండు పలకల మధ్య రొమ్మును పెట్టి నొక్కుతారు. నొప్పిగానే ఉంటుంది, అబద్ధం చెప్పం, కాని కొన్ని సెకండ్లే. ఒక్కో రొమ్ముకు రెండేసి ఫొటోలు, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఏటవాలుగా ఒకటి. ఆరోజు చంకల్లో, గుండెల మీద పౌడరు రాసుకోకూడదు. పౌడరు పలుకులు ఫిలింలో తెల్లటి చుక్కల్లా పడతాయి, క్యాన్సర్‌లో వచ్చే సున్నపు చుక్కలేమో అని పొరబడే వీలుంది. మా ఆమె బుద్ధిగా స్నానం చేసి పౌడరు రాసుకుని వచ్చింది. కడుక్కొని రమ్మన్నారు.

మామోగ్రామ్‌లో కొవ్వు నల్లగా, పాలగ్రంథులు తెల్లగా, గడ్డ కూడా తెల్లగా కనబడతాయి. వయసులో ఉన్నవాళ్లకు గ్రంథులు ఎక్కువ కాబట్టి రొమ్మంతా తెల్లగానే ఉంటుంది. పొగమంచు కమ్మిన పొద్దున తేలినీలాపురం చెట్ల మీద తెల్లపక్షిని వెతికినట్టే. అందుకే చిన్న వయసువాళ్లకు ముందు అల్ట్రాసౌండ్ తీస్తారు. అది ఎక్స్‌రే కాదు, శబ్దం పంపి తిరిగొచ్చినదాన్ని బొమ్మ చేస్తుంది. లోపల నీరుందా, గట్టి గడ్డా, అంచులు ఎలా ఉన్నాయి అని అందులో బాగా తెలుస్తుంది. మాకు రెండూ తీశారు.

డాక్టరమ్మ ఆ బొమ్మ మాకు కూడా చూపించింది. మామూలు మంచి గడ్డ అయితే కోడిగుడ్డు పక్కకు పడుకున్నట్టు, అంచు గీత గీసినట్టు నున్నగా ఉంటుందట. క్యాన్సర్ గడ్డ ఎక్కువగా అంచులు చెదిరి, చుట్టూ ముళ్లలా పాకి, వెడల్పు కంటే నిలువు ఎక్కువగా, వెనక నల్లటి నీడతో ఉంటుందట. మా ఆమెది ముళ్లు ముళ్లుగానే ఉంది. వెనక నీడ కూడా ఉంది. ఏ సంగతీ తెలియని మాకే చూడగానే కాళ్లు వణికాయి.

రిపోర్టు అడుగున బైరాడ్స్ అని ఒక నెంబరు ఉంటుంది. ఇది అమెరికాలో రేడియాలజీ డాక్టర్ల సంఘం 1993లో పెట్టిన లెక్క, ఇప్పుడు మన దగ్గరా ఇదే రాస్తున్నారు. సున్నా అంటే ఇంకో పరీక్ష కావాలి, ఇంకా తేలలేదని. 1 అంటే ఏమీ లేదు. 2 అంటే ఉన్నది మంచిదే. 3 అంటే దాదాపు మంచిదే, నూటికి ఇద్దరికి మించి క్యాన్సర్ ఉండదు, చెప్పిన టైముకు మళ్లీ చూపించాలి. 4 అంటే అనుమానం, ముక్క తీయాలి. ఈ 4 చాలా పెద్ద సంచి. నూటికి ఇద్దరి నుంచి తొంభై అయిదుగురి దాకా అందులోనే పడతారు, అందుకే దాన్ని మళ్లీ ఎ, బి, సి అని విడదీస్తారు. 5 అంటే నూటికి 95 పైనే అవకాశం. 6 అంటే ముక్క పరీక్షలో క్యాన్సర్ అని ముందే తేలినవాళ్లు. ఒక్క 6 తప్ప మిగతా ఏ నెంబరూ ఇది క్యాన్సరే అని చెప్పదు. 5 అయినా చెప్పదు. మా ఆమెకు రాసింది 4 సి.

ముక్క పరీక్షకు ముందు మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చారు. స్కానింగ్ తెర మీద చూసుకుంటూ సూదిని గడ్డలోకి పంపి, మీట నొక్కితే టక్కుమని చప్పుడు, అగ్గిపుల్ల అంత సన్నటి ముక్క వస్తుంది. అలా నాలుగైదు తీశారు. కుట్లు లేవు. చిన్న పట్టీ వేసి పంపేశారు. ఆ రాత్రే ఇంటికొచ్చి చోడి అంబలి తాగి పడుకుంది.

ఫలితం వారంలో వస్తుందన్నారు, రాలేదు. ఇంకేదో రంగు పరీక్ష చేయాలన్నారు. ఆ పదిహేను రోజులు ఆమె పనికి వెళ్లలేదు, ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. మేము వంతులు వేసుకుని రాత్రులు పడుకోవడానికి వెళ్లాం. ఆ రోజుల్లో ఆమె మాట్లాడిందంతా కూతురి పెళ్లి గురించే.

తరవాత చెప్పారు, క్యాన్సర్ కాదని. దాని పేరు గ్రాన్యులర్ సెల్ ట్యూమర్. మన నరాలకు పైన తొడుగులా ఉండే కణాల్లోంచి పుడుతుందట. నాలుక మీద, చర్మం మీద ఎక్కువ వస్తుంది, రొమ్ములో అరుదు. ఎస్-100 అనే రంగు పరీక్ష చేస్తే ఆ కణాలు పట్టుబడతాయి, దానికే ఆలస్యమైంది. మరి అంత భయంకరంగా ఎందుకు కనబడింది అని అడిగాం. దీనికి చుట్టూ సంచి లాంటి పొర ఉండదు, వేళ్లు పాకినట్టు పక్క కండలోకి, కొవ్వులోకి వెళ్తుంది, చర్మాన్ని లాగుతుంది. అందుకే చేతికీ, ఎక్స్‌రేకీ, అల్ట్రాసౌండ్‌కీ మూడింటికీ క్యాన్సర్ లాగే ఉంటుందట. స్కానింగ్ చేసినవాళ్ల తప్పేమీ లేదు. ఉన్నది ఉన్నట్టే చూశారు, అనుమానం అని రాశారు, ముక్క తీయమన్నారు. ఆ గడ్డను చుట్టూ కొంచెం మంచి కండతో సహా తీసేశారు. రొమ్ము ఉంది. చాలా అరుదుగా ఇదీ చెడ్డదవుతుంది కాబట్టి చెప్పినప్పుడల్లా వెళ్లి చూపించుకుంటోంది. పాస్‌బుక్ తిరిగి తీసుకుంది. లోనూ తీసుకుంది.

ఇలా క్యాన్సర్ వేషం వేసేవి ఇంకా ఉన్నాయి. పిల్లల్ని కన్న కొన్నేళ్ల లోపు వాళ్లకు రొమ్ములో గట్టిగా గడ్డకట్టి, చీము పట్టి, యాంటీబయాటిక్ ఎన్నిసార్లు వాడినా తగ్గని ఒక వాపు జబ్బు ఉంది, గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అంటారు. 1972లో దీన్ని ప్రత్యేకంగా గుర్తించారు. మన దేశంలో కనబడుతూనే ఉంటుంది. రొమ్ముకు టీబీ కూడా వస్తుంది, టీబీ మందులతో తగ్గుతుంది. ఈ రెండూ మైక్రోస్కోపు కింద కూడా ఒకదానికొకటి పోలి ఉంటాయి కాబట్టి టీబీ పరీక్ష వేరే చేస్తారు. ఆవు పొడిచినా, బోరింగు చెయ్యి తగిలినా లోపల కొవ్వు చచ్చిపోయి గట్టి గడ్డ అవుతుంది. చాలా ఏళ్లుగా ఇన్సులిన్ తీసుకునే సుగరు మనుషులకు రాయిలాంటి గడ్డలు వస్తాయి. ఫైబ్రోమాటోసిస్ అని ఇంకొకటి, వేరే చోటుకు పాకదు కాని తీసినచోటే మళ్లీ రాగలదు. పేర్లు గుర్తుంచుకోనక్కర్లేదు, మేమూ పుస్తకం చూసే చదువుతున్నాం.

శిక్షణలో ఒక డాక్టరమ్మ చెప్పిన పాత కథ ఒకటి మాకు మనసులో ఉండిపోయింది. ఫ్యానీ బర్నీ అని ఇంగ్లీషు రచయిత్రి. 1811లో పారిస్‌లో ఆమె రొమ్ము తీసేశారు. మత్తు లేదు, మెలకువగానే ఉంది. ఆ సంగతంతా తనే అక్కకు ఉత్తరంలో రాసింది. ఆ తరవాత 28 ఏళ్లు బతికి 1840లో చనిపోయింది. అసలు ఆమెకు ఉన్నది క్యాన్సరేనా అని ఇప్పటి వైద్యుల్లో కొందరికి అనుమానం. ఎక్స్‌రే లేదు, ముక్క పరీక్ష లేదు, ఎలా తెలుస్తుంది? మా ఊళ్లో "రేపే వెళ్లి తీయించేద్దాం" అన్న మాట గుర్తొచ్చి మాకు ఒళ్లు జలదరించింది.

ఇక రెండోది. ఇది చెప్పడానికే ఈరోజు మైకు అడిగాం.

మొదటామెకు మంచి కబురు వచ్చాక గ్రామ సంఘం మీటింగులో మేము సంబరంగా చెప్పాం. కొబ్బరికాయ కొట్టాం. "స్కానింగులో క్యాన్సర్ అని రాసినా సరే, భయపడొద్దు, మనామెకు చూడండి ఏమీ కాలేదు" అని మేమే మైకు లేకుండా గట్టిగా అరిచి చెప్పాం. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో వేరే సంఘం ఆమె ఒకతె ఉంది, 45 ఏళ్లది. ఆమె ట్రంకు పెట్టెలో అప్పటికే ఒక స్కానింగ్ కాగితం ఉంది. ముక్క పరీక్ష చేయించమని రాసిందే. గడ్డ చిన్నది, గుండ్రంగా, నున్నగా, వేళ్ల కింద జారుతోంది. నొప్పి లేదు. అప్పకు అంత ముళ్లగడ్డే ఏమీ కాలేదు, నాకీ నున్నటి కాయ ఏం చేస్తుందనుకుంది. గోగునార పనులు, తరవాత కోతలు, తరవాత అబ్బాయి ఫీజు. ఎనిమిది నెలలు.

చంకలో బిళ్ల కట్టాక వెళ్లింది. అది క్యాన్సర్.

మేము చూడటానికి వెళ్లాం. మంచం మీద కూర్చుని ఉంది, మొదటి కీమో అయింది, జుట్టు ఊడటం మొదలైంది. మమ్మల్ని తిట్టలేదు. "మీటింగులో మీరే కదప్పా సెప్పినారు, రాసినంతమాత్రాన అవదని. నాను ధైర్యం తెచ్చీసుకున్నాను" అంది, అంతే. మేము దారిలో ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు ఎవరం ఆ మాట ఎత్తలేదు. మేము చెప్పింది అబద్ధం కాదు. కాని సగం చెప్పాం. కాగితం చూసి చచ్చిపోయామనుకోవద్దని చెప్పాం. కాగితం చూసి బతికిపోయామనీ అనుకోవద్దని చెప్పలేదు. ముక్క పరీక్ష చేయించుకుంది కాబట్టే ఆమెకు కాదని తెలిసిందన్న ముఖ్యమైన మాట చప్పట్లలో కొట్టుకుపోయింది.

తరవాత డాక్టరమ్మను అడిగితే చెప్పింది, కొన్ని క్యాన్సర్లు మంచిగడ్డ లాగే గుండ్రంగా, నున్నగా ఉంటాయట. వేషం రెండు వైపులా వేస్తారన్నమాట. పలాస వైపు జీడి పని చేసే అప్పలకు ఇది మేం చెప్పక్కర్లేదు. పైకి ముడుచుకుపోయిన పిక్కలో తెల్లటి పప్పు ఉంటుంది, నిగనిగలాడే పిక్క కొడితే పుచ్చు ఉంటుంది. కొట్టేదాకా ఎవరికి తెలుసు?

ఇంకో సంగతి. ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదని వచ్చినా, బొమ్మ మాత్రం బాగా చెడ్డగా ఉంటే, సూది సరైన చోట తగిలిందా అని డాక్టర్లు మళ్లీ చూస్తారు. బొమ్మ, ముక్క రెండూ ఒక మాట మీదకు రావాలి. రాకపోతే మళ్లీ ముక్క తీస్తారు, లేదా గడ్డే తీసి పంపుతారు. మళ్లీ రమ్మన్నారంటే డబ్బుల కోసమని అనుకునే అలవాటు మనకుంది, మాకూ ఉంది. ఈ విషయంలో మాత్రం వెళ్లండి. "బొమ్మకూ ముక్కకూ సరిపోయిందా డాక్టరుగారూ" అని అడగండి, నోరు తిరిగే మాటే.

30 దాటిన వాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూడటం ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది, ఏఎన్ఎం వచ్చినప్పుడు తలుపు వెనక దాక్కోవద్దు. క్యాన్సర్ అని తేలితే చికిత్స ఎన్టీఆర్ వైద్య సేవలో ఉంది, మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటున్నాం. విశాఖలో కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇప్పుడు ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ కూడా లేదు. ఆధార్ పట్టుకెళ్తే చాలు.

మా గ్రామ సంఘం ఒక తీర్మానం చేసుకుంది. రొమ్ము గడ్డకు ముక్క పరీక్ష రాసిన సభ్యురాలికి అంతర్గత నిధి నుంచి అదే వారం అప్పు ఇవ్వాలి, కంతు మూడు నెలల తరవాత మొదలు. తోడుకు ఒకరు వెళ్లాలి, ఆమె కూలి సంఘం ఇస్తుంది. ఇది మీ సంఘాల్లో కూడా పెట్టమని సమాఖ్యను అడుగుతున్నాం. డబ్బు చాలదని కొందరు ఓబీలు అంటున్నారు, ఆ మాటా నిజమే, చర్చించండి.

రెండోామెకు కీమోలు అయ్యాయి, ఆపరేషన్ అయింది, ఇప్పుడు కరెంటు పెడుతున్నారు. ఈ సభకు వస్తానంది, ఎండకు రాలేకపోయింది. మేము ఇక్కడ తన సంగతి చెబుతామంటే ఒప్పుకుంది. మొదటామె మాత్రం వచ్చింది, మూడో వరుసలో కూర్చుంది. మీలో ఎవరి సంచిలోనైనా, ట్రంకు పెట్టెలోనైనా అలాంటి కాగితం ఉంటే భోజనాల టైములో ఆమె దగ్గరికో, మా దగ్గరికో రండి. ఏ రోజు వెళ్లాలో అక్కడే అనుకుందాం. సోమవారం మేమెలాగూ రెండోామెతో విశాఖ వెళ్తున్నాం, బస్సు పొద్దున్న అయిదున్నరకు.